మూగ మైకు

నాభిలో పుట్టి నాలుకపై నడయాడే వాగ్దేవికి తొలి మొక్కు. పలికే నోరు ఆ తల్లి ఇచ్చినదే, వినే చెవి కూడా ఆ తల్లి ఇచ్చినదే. ఆమెను తలచుకొని ఈ చిన్న కథ చెబుతున్నాను.

“మామయ్యగారు పాడేటప్పుడు ఆయన మైకు హాల్లోకి వదలకు. దీంట్లో ఆయన పాత రికార్డు ఉంది, అది వెయ్యి.”

సంగీతోత్సవాల కార్యదర్శి ఒక పెన్‌డ్రైవు తీసి మైకాయన బల్ల మీద పెట్టాడు. నగరంలో ఏటేటా జరిగే ఆ ఉత్సవాలకు అది ఆఖరి సాయంత్రం. ముగింపు పాట ఎప్పుడూ పెద్దాయనదే. పక్కవాద్యాలుండవు. కూతురు వెనుక కూర్చుని తంబురా మీటుతుంది, ఆయన పాడతారు. ఆ కూతురి భర్తే ఈ కార్యదర్శి.

మైకాయన పెన్‌డ్రైవును ముట్టుకోలేదు. “ఈ సంగతి ఆయనకు తెలుసా బాబూ?”

“తెలిస్తే ఊరుకుంటారా? చెవులు మందగించాయి, కనిపెట్టలేరు. మొహం మీద లైటు కూడా తగ్గించమన్నాను. కళ్ళు మూసుకుని పాడే మనిషి పెదవులు ఎవరు చూడొచ్చారు?”

“నా చేత్తో ఆయన గొంతు నొక్కమంటున్నారు.”

“నువ్వు మైకువాడివి. ధర్మరాజువి కాదు.”

అంతలో మంచినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని కూతురు వచ్చింది. తండ్రి చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆ ఫ్లాస్కు ఆమె దగ్గరే ఉంటుంది. పాట నడుమ ఆయన “అమ్మాయీ” అంటే చాలు, మూత నింపి అందిస్తుంది.

“ఆయన్నేమీ అనకు అన్నయ్యా, అడగమన్నది నేనే,” అంది. “పోయినేడు పై స్థాయిలో నాన్న గొంతు పగిలింది. జనం నవ్వారు. నాన్నకు నవ్వు వినపడలేదేమోగానీ, నవ్వే మొహాలు కనపడ్డాయి. ఇంటికొచ్చి తంబురా మీద గుడ్డ కప్పేశారు. ఈ ఉత్సవం దగ్గరపడితేగానీ మళ్ళీ తీయలేదు. ఇంకోసారి నవ్వితే నాన్న తట్టుకోలేరు.”

ఆ కంటి తడి చూశాక మైకాయన బల్ల మీదికి చెయ్యి చాచాడు. పెన్‌డ్రైవు అందుకున్నాడు.

తెర లేచింది. పెద్దాయన శాలువా సర్దుకుని మైకు ముందుకు వంగి, ఏటా అనే మాటే అన్నారు.

“నాయనా, నేను పాడతాను. నీ పెట్టె పాడుచెయ్యకుండా చూసుకో.”

హాలంతా నవ్వింది. ఇది ఆయన కోరి నవ్వించిన నవ్వు. ఆ తరువాత, హాలు చివర బల్ల వెనుక నిలబడిన మనిషి వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, ఏటా అడిగే మాటే అడిగారు. “వినపడుతోందా నాయనా?”

మైకాయన చెయ్యెత్తి చూపాడు. ఎత్తిన చేతిని దించి, ఆ చేత్తోనే మైకు మూశాడు. రికార్డు వదిలాడు.

నడివయసులోని నిండు గొంతు హాలును ముంచెత్తింది. “ఈ వయసులో ఏం గొంతండీ,” అన్నారెవరో. వేదిక మీద కూతురు తంబురా మెడకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. తనను నిద్రపుచ్చిన గొంతు అది. మళ్ళీ వింటాననుకోలేదు. ముందు వరుసలో కార్యదర్శి వెనక్కి తిరిగి, మైకాయనను చూసి తృప్తిగా తలాడించాడు.

మైకాయనకు మాత్రం మనసు మనసులో లేదు. హాలుకు మూతపడినా, ఆ మైకు అతని హెడ్‌ఫోన్లకు తెరిచే ఉంది. పెట్టుకుంటే అసలు గొంతు వినవచ్చు. ఆ వణుకు వినే ధైర్యం చాలక వాటిని బల్ల మీదే వదిలేశాడు. పాట ఆఖరి చరణంలోకి వచ్చింది. ఇంతమందిలో ఒక్కరైనా ఆయన నిజంగా పాడే పాట వినకపోతే అపచారమని తోచింది. చెంపలు వేసుకుని, హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు.

కొన్ని క్షణాలకే రికార్డు ఆపేశాడు. మూసిన మైకు పూర్తిగా తెరిచి, బల్ల దాటి వేదిక వైపు పరుగెత్తాడు.

ఆ విశాలమైన హాల్లో తంబురా ఒక్కటే మోగుతోంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి లేచి దారికి అడ్డం వచ్చాడు.

“నిక్షేపంలా నడుస్తున్న పాట ఎందుకాపావు? ఇంత జనంలో ఆయన పరువు తీశావు కదయ్యా.”

అతని భుజం మీదుగా మైకాయనకు వేదిక కనపడుతోంది. కూతురు కళ్ళు తెరిచింది. “ఆపేశారేం నాన్నా?” అంటూ తండ్రి భుజం తాకింది. ఆ తాకిడికే ఆయన పక్కకు ఒరిగి, ఆమె ఒడిలోకి వాలిపోయారు. మూత తీయని ఫ్లాస్కు దొర్లుకుంటూ వేదిక అంచుదాకా వచ్చి ఆగింది.

“ఆయన పాడటం లేదు బాబూ,” అన్నాడు మైకాయన. “‘అమ్మాయీ, మంచినీళ్ళు... అమ్మాయీ, మంచినీళ్ళు’ అంటున్నారు. ఎంతసేపటి నుంచి అంటున్నారో. ఆవిడ పలక్కపోయేసరికి ఆఖరికి నన్నడిగారు, ‘వినపడుతోందా నాయనా?’ అని.”

ఈ కథ విన్నవారి ఇళ్ళలో, ఎంత సన్నగా పిలిచినా ‘ఆఁ’ అని పలికేవారు ఎల్లప్పుడూ ఉందురు గాక.