డెల్మర్ పక్క కుర్చీ

ఓజెల్లాకు కొడుకు మీద ఒకటే ఫిర్యాదు. మరీ మంచివాడు. పక్కన ఎవరొచ్చి అంటుకుని కూర్చున్నా జరగమనడు.

అలా అంటుకుని కూర్చునేది యూలిస్.

కాన్సాస్ సిటీలో జంటల డాన్సులకు వాయించే ఒక స్వింగ్ బ్యాండులో కొడుకు డెల్మర్ డ్రమ్స్ వాయిస్తాడు, యూలిస్ గిటారు. బ్యాండు మొత్తానికీ బస, భోజనం ఓజెల్లా ఇంట్లోనే.

"బాకాలు వినిపిస్తాయి, డ్రమ్స్ వినిపిస్తాయి. నీ గిటారు ఏనాడైనా వినిపించిందా, నాయనా?" వేయించిన చేప వడ్డిస్తూ అడిగేది.

"వినిపిస్తే తప్పు వాయించినట్టే, మిస్ ఓజెల్లా."

"నమలడం మాత్రం బాగానే వినిపిస్తోంది."

బల్లంతా నవ్వేది. యూలిస్ కూడా నవ్వి, ఇంకో ముక్క అందుకునేవాడు.

ఆ వేసవిలో షికాగోలో ఒక హోటలు వాళ్లు ఆరు నెలలకు పిలిచారు. పన్నెండు మందే రావాలన్నారు. వీళ్లు పదమూడు.

బ్యాండు పెద్ద క్లీవ్ వంటింట్లోకొచ్చి బుర్ర గోక్కున్నాడు.

"ఎవర్ని ఆపమంటావు?"

"అదీ ఒక ప్రశ్నేనా? లేకపోయినా తెలియనివాణ్ణి ఆపు. మావాడి తాళానికి రెండొందల జంటలు అడుగు తడబడకుండా ఆడుతుంటే, ఈయన వాడి మోచేతి కింద దూరి పేరు పంచుకుంటున్నాడు."

క్లీవ్ ఆమె మాటే విన్నాడు.

యూలిస్ గిటారు పెట్టెలో సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ డెల్మర్ కాలరు సరిచేసి, "కంగారుపడకు" అన్నాడు. వారం తిరక్కుండా వేరే బ్యాండుతో కాలిఫోర్నియా వెళ్లిపోయాడు.

బ్యాండు షికాగో వెళ్లిన మూడో వారం డెల్మర్ డ్రమ్ములతో సహా ఇంటికొచ్చాడు.

"అప్పుడే సెలవులిచ్చారా?"

"తీసేశారమ్మా."

"నిన్నా! నీ తాళాన్నా!"

"నా తాళం పరిగెడుతుందమ్మా. మొదట్నుంచీ అంతే. అక్కడ సగం పాటకే జనం రొప్పుతూ కూర్చుండిపోయారు."

"మరి ఇక్కడ నాలుగేళ్లూ?"

"పరిగెత్తబోయినప్పుడల్లా ఆ గిటారు పట్టి ఆపేది. దానికి మైకు లేదుగా, పక్కనుంటేనే నాకు వినపడేది."

"ముందే చెప్పి చావలేకపోయావా?"

"చెబుదామనుకున్నా. 'మీ అమ్మ మురిసిపోతోంది, పోనీలే' అని ఆయనే ఆపాడు." డెల్మర్ బల్ల చివర, యూలిస్ కూర్చునే ఖాళీ కుర్చీకేసి చూశాడు. "ఆయన నన్ను అంటుకుని కూర్చోలేదమ్మా. నేనే బతిమాలి కూర్చోబెట్టుకున్నాను."

పెనం మీద చేప మాడుతోంది. ఓజెల్లా తిప్పలేదు.

"నాదే తప్పు, యూలిస్" అంది ఆ కుర్చీతో, అతనికి వినపడదని తెలిసీ, గట్టిగానే.