గుమ్మం దగ్గర పిలుపు

"మిసెస్ కార్మొడీ! ఇటు చూడండి మేడమ్!"

డబుల్ బే హోటల్ మెట్ల దగ్గర ముసలి ఫొటోగ్రాఫర్ మెర్వ్ కేకేశాడు.

కారు దిగిన రోజలిండ్ కార్మొడీ ఆగింది. గడ్డం కాస్త ఎత్తి నవ్వింది.

ముప్ఫై ఏళ్ళుగా సిడ్నీలో ఆమె లేని విందు లేదు. పేపర్లో విందుల పేజీ ఆమె ఫొటో లేకుండా వచ్చేది కాదు.

రెండేళ్ళుగా మాత్రం ఒక్కటీ రాలేదు.

"మొన్నటిది ఏమైంది మెర్వ్?"

"పేజీలో చోటు సరిపోలేదట మేడమ్. ఈసారి తప్పకుండా."

"ఎప్పుడూ ఇదే మాట!"

పక్కనే ఉన్న స్నేహితురాలు ప్రూడెన్స్ కిసుక్కున నవ్వింది.

"ఆ కెమెరా చూశావా రోజ్? మన పెళ్ళిళ్ళ నాటిది. ఆ టై మీద గుడ్డు మరకొకటి! వీడు తీస్తే ఎవరు వేస్తారే?"

ఆ మాట రోజలిండ్‌కి చురుక్కుమంది. వెంటనే ప్రాణం కుదుటపడింది. అయితే తప్పు తనలో లేదన్నమాట.

తలుపు దగ్గరి గార్డుని పిలిచింది.

"ఈయన్ని ఇంకెప్పుడూ ఇక్కడ నిలబడనివ్వకు. పేపరువాళ్ళు ఎవరైనా కుర్రవాళ్ళని పంపుకుంటారు."

మెర్వ్ మెడలోంచి కెమెరా తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"మీ ఇష్టం మేడమ్. ఈ టోపీ మీకు బాగా నప్పింది," అని మెట్లు దిగిపోయాడు.

నెల తిరిగాక అదే హోటల్లో ఇంకో మధ్యాహ్నం విందు.

రోజలిండ్ ఆకుపచ్చ పట్టు గౌనులో కారు దిగింది. మెట్ల దగ్గర పదిమంది ఫొటోగ్రాఫర్లు. అందరూ కుర్రకారే.

ఆగింది. గడ్డం ఎత్తింది. నవ్వింది.

ఎవరూ పిలవలేదు.

"కొంచెం పక్కకండి మేడమ్, అడ్డొస్తున్నారు!"

పక్కకి జరిగింది. వెనక కారులోంచి దిగిన టీవీ అమ్మాయి మీదికి కెమెరాలన్నీ తిరిగాయి. ప్రూడెన్స్ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

ఉన్నవి నాలుగే మెట్లు. ఎక్కబోతే కాళ్ళు రాలేదు. వెనక్కి పోదామంటే కారు వెళ్ళిపోయింది. చేసేదేం లేక పర్సు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

మెడలో పేపరు కార్డుతో లెన్సు మార్చుకుంటున్న ఒకమ్మాయి చూసి అడిగింది.

"ఎవరికోసమైనా చూస్తున్నారా?"

"మెర్వ్... మెర్వ్ రాలేదా? ఆయనదీ మీ పేపరే కదా?"

"మెర్వ్ గారా? ఆయన్ని మా పేపరు రెండేళ్ళ కిందటే ఇంటికి పంపేసింది. మొన్న కెమెరా కూడా అమ్మేసి పెర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు."

రోజలిండ్ పర్సు మూసింది.

"మరి ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరికోసం తీసినట్టు?"

"మేమూ అడిగాం," అందా అమ్మాయి కెమెరా భుజాన వేసుకుంటూ. "ఎవరో మిసెస్ కార్మొడీ అని ఉందట, 'పేపరు ఆవిణ్ణి ఎలాగూ మర్చిపోయింది, గుమ్మం దగ్గర పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడైనా లేకపోతే పాపం లోపలికి ఎలా వెళ్తుంది' అనేవారు."