గీత పడని బాతులు

"తల పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి మామయ్యా?"

ఒసిప్ చేతిలోని బాతు తలని చటుక్కున వదిలేశాడు. అది గరాజు నేల మీద టప్పుమని పడింది. గార్త్ కళ్ళు మూసుకుని, ముక్కుతో గాలి వదిలాడు.

"పడెయ్యకూడదు కూడా."

"పట్టుకోకూడదు, వదలకూడదు. మరి దణ్ణం పెట్టమంటావా అల్లుడూ?"

వాళ్ళ ముందు పన్నెండు ప్లాస్టిక్ బాతు మొండేలు వరసగా ఉన్నాయి. వేటలో ఎరగా పెట్టే కొత్త దీమాలు. ఆకాశంలో పోయే అడవిబాతులు వీటిని చూసి, తమవాళ్ళే మేస్తున్నారనుకుని పొలంలోకి దిగాలి. అందుకే తలకి మఖమల్ లాంటి నల్లటి నూగు అంటించారు. చేతి జిడ్డు తగిలితే ఆ నూగు రాలుతుంది. గీసుకుంటే కింద ప్లాస్టిక్ మెరుస్తుంది. మెరిసిందా, బాతులు అటు నుంచి అటే పోతాయి.

మెడ పట్టుకుని తలని మొండెంలో పెట్టి, కుడికి తిప్పి, క్లిక్కుమనగానే ఆపాలి. ఇంతే పని. ఎనభై మూడేళ్ళ మామగారు మాత్రం క్లిక్కుమన్నాక ఇంకో చుట్టు తిప్పుతున్నాడు, ట్రాక్టరు నట్టు బిగించినట్టు. అప్పటికే ఒక బాతు తన తోక తనే చూసుకుంటోంది.

"మా రోజుల్లో పాత టైర్లు కోసి పొలంలో పెట్టేవాళ్ళం," అన్నాడు ఒసిప్. "వాటికి ఇన్ని మర్యాదలు లేవు."

"టైర్లని చూసి బాతులు దిగేవా?"

"దిగేవి. కాస్త బుర్ర తక్కువవి."

లోపలి నుంచి గార్త్ భార్య ఒరిసియా తొంగిచూసింది. "నా గిన్నెల సబ్బు సీసా ఎవరు తీశారు?"

గార్త్ మెల్లగా మామగారి వైపు తిరిగాడు. ఒసిప్ పైకప్పు వైపు చూశాడు.

"ఇందాక ఒకటి బురదలో పడిందిలే. కడిగాను."

"సబ్బుతోనా? సబ్బు తగిలితే ఇది అడవిబాతుల కంటికి దీపం పెట్టినట్టు కనిపిస్తుంది మామయ్యా. కాగితం మీద రాసి గోడకి అంటించానే!"

"అక్షరాలు చిన్నవి నాయనా."

గార్త్ ఆ బాతుని తీసుకుపోయి, ఉత్త నీళ్ళతో, మెత్తటి స్పాంజితో మూడుసార్లు కడిగాడు. ఒరిసియా వెనకే వచ్చి గొంతు తగ్గించింది.

"ఎందుకలా కసురుతావు? నాన్న కోసమేగా ఇవన్నీ."

"ఆయన కోసమే కసురుతున్నాను. డాక్టరు ఈ ఏడాదితో తుపాకీ చాలన్నాడు. ఎగిరేదాన్ని ఆయన కళ్ళు అందుకోలేవు. ముప్పై అడుగుల్లో వచ్చి వాలితేనే కొట్టగలడు. ఇదే ఆయన కొట్టే ఆఖరి బాతు, ఒరిసియా. అంత దగ్గరికి దించాలంటే వీటికి ఒక్క గీత పడకూడదు."

"ఒక్క గీత పడకూడదు," అని గరాజులోంచి ఒసిప్ బుద్ధిగా అప్పజెప్పాడు. ఆయన చెవులు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

సాయంత్రం ఒసిప్ బొమ్మల తలలకి తొడగడానికి తన ఉన్ని మేజోళ్ళు తనే తెచ్చిచ్చాడు. బండిలో ఒకదానికొకటి రాసుకోకుండా.

"రెండింటికి చిల్లులున్నాయి మామయ్యా."

"ఉండనీ. ఊపిరాడాలి కదా."

గార్త్‌కి నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ అదొక్కసారే.

మర్నాడు తెల్లవారకముందే కోత అయిపోయిన బఠానీ పొలంలో బొమ్మ బాతుల్ని ఇనుప ఊచలు గుచ్చి నిలబెట్టారు. గార్త్ మేజోళ్ళు తీసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. పన్నెండూ ఉన్నాయి. వీపుల మీద పట్టిన మంచు మెరవకుండా ఒసిప్ తన మెడలోని శాలువాతో ఒక్కొక్కదాన్నీ తుడిచాడు, జలుబు చేసిన పిల్లల్ని తుడిచినట్టు.

"మెల్లగా, మామయ్యా. గీత!"

"తెలుసు."

"మొదటి దెబ్బ మీది. మీరు కొట్టేదాకా నేను తుపాకీ ముట్టుకోను."

ఇద్దరూ గట్టు పక్కన గడ్డి కప్పుకుని పడుకున్నారు. సూర్యుడు పైకి వచ్చాడు. గాలి లేచింది. ఇనుప ఊచల మీద బొమ్మలు మెల్లగా ఊగుతూ, నిజంగానే మేస్తున్నట్టున్నాయి. నది వైపు నుంచి అరుపులు వినిపించాయి. ఇరవైకి పైగా బాతులు ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు. తర్వాత రెక్కలు బిగబట్టి, కాళ్ళు చాపి, బొమ్మల మధ్య ఖాళీల్లోకి ఒక్కొక్కటే వాలాయి. ఒకటి తిన్నగా నడిచొచ్చి, పక్కనున్న బొమ్మకి మెడ చాచి పలకరించింది కూడా.

గార్త్‌కి నిన్నటి విసుగంతా ఆ ఒక్క పలకరింపుతో తీరిపోయింది.

"ఇప్పుడు," అని గుసగుసలాడాడు.

ఒసిప్ తుపాకీ భుజానికి ఆనించే ఉన్నాడు. గొట్టం ఎడమకి జరిగింది. కుడికి జరిగింది. మళ్ళీ ఎడమకి. పేలలేదు.

"మామయ్యా, కొట్టండి."

గొట్టం కుడికి జరిగింది.

జవాబు రాక విసుగెత్తిందేమో, పలకరించిన బాతు ఆ బొమ్మ నెత్తిన ఒక్క పోటు పొడిచింది. ఒసిప్ అతిగా బిగించడంతో మర అరిగిపోయిన ఆ తల గిర్రున తిరిగి వెనక్కి చూసింది. అంతే. రెక్కల చప్పుడుతో పొలం అదిరిపోయింది. గార్త్ గడ్డి విదిలించుకుని లేచేసరికి అవి ఆకాశంలో చుక్కలైపోయాయి.

గార్త్ వెళ్ళి, వెనక్కి తిరిగిన ఆ తలని సరిచేసి వచ్చాడు.

"ఎదురుగా ఇరవై బాతులు," అన్నాడు గార్త్ చివరికి, ఏడవలేక. "కూర్చుని ఉన్నాయి. ఎందుకు కొట్టలేదు మామయ్యా?"

ఒసిప్ తుపాకీ పక్కన పెట్టి, చలికి కారుతున్న కళ్ళు శాలువాతో ఒత్తుకున్నాడు.

"నీ బాతులేవో, దేవుడి బాతులేవో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను నాయనా. పొరపాటున నీదానికి ఒక్క గీత పడితే, నీతో ఎవరు వేగుతారు?"