తిరిగిచ్చిన వేళ

స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామన్న హామీ, తీసుకుంటాడు. కిందికి దిగాక అతనే ఫోన్ చేసి తిరిగివ్వాలి. ఆ వేళ రిజిస్టర్‌లో రాశాకే ఆపరేటర్ కరెంటు వదలాలి.

ఆపరేటర్ ఒక్కసారే ఆ నియమం తప్పాడు. పెద్దసారు తొందరపెట్టాడని కరెంటు వదిలేశాడు. స్తంభం పైన లైన్‌మన్ పొట్టోడు ఉన్నాడు. ఆ తర్వాత, పొట్టోడు ఫోన్ చేసినట్టు రిజిస్టర్‌లో తానే ఏదో వేళ వేశాడు. విద్యుత్ తనిఖీ శాఖ విచారించి, రిజిస్టర్ సక్రమంగా ఉంది, తప్పు పోయినవాడిదే అని తేల్చింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పొట్టోడికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

ఈ రాత్రి అదే లైను మీద, స్తంభం ఎక్కి, ఆపరేటర్ బావమరిది ఉన్నాడు. బయట ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా రొద పెడుతోంది. ఫోన్ మోగింది.

"అన్నా, పనైపోయింది. లైన్ క్లియర్ తిరిగిస్తున్నా."

బావమరిది ఎప్పుడూ బావా అనే పిలుస్తాడు. అన్నా అని పిలిచింది పొట్టోడొక్కడే.

"ఎవరు మాట్లాడేది?"

"రాసుకో అన్నా. ఇంటికెళ్ళాలి."

"నువ్వు తిరిగివ్వలేదు కదరా," అన్నాడు ఆపరేటర్.

"రిజిస్టర్ చూడన్నా. సక్రమంగానే ఉంటుంది."

చూశాడు. బావమరిది పేరు పక్కన తిరిగిచ్చిన వేళ అప్పటికే వేసి ఉంది. సిరా తడి ఆరలేదు. రాత తనదే. కలం మాత్రం జేబులోంచి తియ్యనే లేదు.

రెండు చేతులూ రిజిస్టర్ మీద పెట్టి కదలకుండా కూర్చున్నాడు. స్విచ్చి జోలికే పోలేదు.

బయట ట్రాన్స్‌ఫార్మర్ రొద బరువెక్కింది, లైనులోకి కరెంటు వదిలినప్పుడల్లా బరువెక్కినట్టే.