చెవి తెగిన పొట్టేలు

దొరసాని ఆసుపత్రి వరండాలో నల్లబండల మీద పొట్టేలు చెవి నుంచి రక్తం బొట్లుబొట్లుగా పడుతోంది.

కాశయ్య దాన్ని కొమ్ములు పట్టుకుని ఈడ్చుకొచ్చి, అర్జంటు కేసులకని కట్టిన గంటను టంగుటంగుమని మోగించాడు. వెనకాల పెళ్ళాం రాఘవమ్మ పళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

కర్నూలు రాజధాని అయిందని ఊరంతా సంబరపడింది గానీ, తర్లుపాడు పక్కన వాళ్ళ పల్లెకు పశువుల డాక్టరు మాత్రం రాలేదు. రాకపోవడమే మేలనుకుంది రాఘవమ్మ. మొగుడికి మనుషుల ఆసుపత్రి గుర్తుకొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

నర్సు దీనమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే కోటు గుండీలు పెట్టుకుంటూ తెల్ల డాక్టరమ్మ దొరసాని.

“పామా? కాన్పా?” అంది దీనమ్మ.

“పొట్టేలు చెవమ్మా,” అన్నాడు కాశయ్య.

“తెలివుండే వచ్చినావా అన్నా? మనుషులకే మంచాల్లేవు ఈడ!”

“అంకాలమ్మకు మొక్కినది తల్లీ. ఆదివారం కొలుపు. చెవి తెగినదాన్ని అమ్మవారు ఒప్పదు. దొరసానమ్మతో రెండు కుట్లు ఏయించు, నీ కాళ్ళు మొక్కుతా.”

“ఎట్ల తెగింది?”

“కంపలో ఇరుక్కున్నది,” అంది రాఘవమ్మ గబుక్కున.

కంపా లేదు, గింపా లేదు. పొద్దున కొడవలితో తనే కోసింది. చెవి తెగితే మొక్కుకు పనికిరాదు, దాని ప్రాణం దక్కుతుంది అనుకుంది. కోయించుకున్న పొట్టేలు మళ్ళీ వచ్చి ఆమె ఒళ్ళోనే తల పెట్టింది. ఆ బుద్ధిలేనిదాని మీద కూడా కోపమొచ్చింది ఆమెకు.

దొరసాని రాఘవమ్మను తేరిపార చూసి గుర్తుపట్టింది. దీనమ్మతో తన భాషలో ఏదో చెప్పి, లోపలి గది తలుపు తెరిచింది.

ఆ గదే.

కిందటేడు ఆ గదిలోనే రాఘవమ్మకు కాన్పయింది. బిడ్డ చచ్చి పుట్టాడు. ఆమెకు రక్తం ఆగలేదు. కాశయ్య గడప బయట నిలబడి, పెళ్ళాం బతికితే పొట్టేలునిస్తానని అంకాలమ్మకు మొక్కుకున్నాడు.

ఆమె బతికింది. ఇంటికొచ్చేసరికి దొడ్లో తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి అరుస్తోంది. గుడ్డ వత్తిని పాలలో ముంచి, చీకించి, దాన్ని పెంచింది.

ఆ ఏడు పుట్టిన పిల్లల్లో మచ్చలేని మగది అదొక్కటేనని కాశయ్య దాన్నే మొక్కుకు కేటాయించాడు. ఆమెను ఒక్క మాట అడిగితే ఒట్టు.

పొట్టేలును ఆ గదిలోకి ఈడ్చుకొచ్చాక, దొరసాని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఈలోగా గాయం కడగాలని దీనమ్మ చల్లటి నీళ్ళ చెంబు ఎత్తి, పొట్టేలు తల మీద ధారగా పోసింది.

పొట్టేలు ముట్టె నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. నీళ్ళు నలుగురి మీదా చిందాయి.

కాశయ్య కొమ్ములు వదిలేసి చేతులు జోడించాడు.

“ఒప్పుకున్నది! తల్లి ఒప్పుకున్నది!”

కొలుపునాడు గుడి ముందర పసుపునీళ్ళు పోస్తారు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి లేస్తుంది.

“చెవి తెగినా తల్లి కాదనలే. చూసినావా రాఘవా?”

రాఘవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నెత్తిన నీళ్ళు పడితే ఏ గొర్రె విదిలించదు? కుక్క విదిలించదా? నీకు బుద్ధుందా?”

“లెంపలేసుకో. అమ్మవారి మాట అది.”

“నేనే కోసినా!”

ఆ కేకకు పక్క వార్డులో రోగులు లేచి కూర్చున్నారు.

“కొడవలితో నేనే కోసినా దాని చెవి. నేనెందుకియ్యాల? ఈ గదిలోనే నా కొడుకును తీసుకున్నదే, అది చాలలేదా? ఇంకేం కావాలంట మీ తల్లికి?”

కాశయ్య మొహం పాలిపోయింది.

“నీ పానం కోసమే గదనే మొక్కింది. తీర్చకపోతే నీకేమన్నా అయితే నేనేం గావాల?”

“నా పానానికి మొక్కినావు, నన్నడిగినావా? నేను పాలు పట్టిన దాన్నే ఏరుకున్నావు, నన్నడిగినావా?”



రాఘవమ్మ దీనమ్మ చేతిలోంచి చెంబు లాక్కుంది. మిగిలిన నీళ్ళన్నీ తన నెత్తిన గుమ్మరించుకుంది. అసలే పుష్యమాసపు చలి. నీళ్ళు వీపు మీదుగా దిగేసరికి నిలువెల్లా గజగజ వణికిపోయింది.

“చూడు. నేనూ విదిలించినా. నన్ను తోలుకపో గుడికి.”

దీనమ్మ బిగుసుకుపోయింది. దొరసానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తువ్వాలు తెచ్చి రాఘవమ్మ భుజాల చుట్టూ కప్పింది. తన పని తాను చేయాలి కాబట్టి, వంగి పొట్టేలు చెవి పట్టుకుని సూది దగ్గరికి తెచ్చింది.

కాశయ్య ఆ సూదికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దని చెప్పు తల్లీ,” అన్నాడు దీనమ్మతో, పెళ్ళాం వైపు చూడకుండా. “చెవి తెగినదాన్ని తల్లి ఒప్పదు. అట్లనే ఉండనీ.”