అబౌట్ ఉండాల్సిందే

నాన్న ఆఫీసు నుంచి తెచ్చుకుని టైపు చేస్తున్న ఉత్తరాన్ని ఎర్ర పెన్నుతో చీల్చి చెండాడాను.

“డిస్కస్ పక్కన అబౌట్ రాదు నాన్నా! ఇరవయ్యేళ్ళుగా టైపిస్టువి, ఈపాటి తెలీదా? మా కాలేజీలో చూస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.”

నాన్న కళ్ళజోడు తుడుచుకుని కొత్త కాగితం ఎక్కించాడు. మళ్ళీ అబౌట్‌తోనే కొట్టాడు. కుక్క తోక వంకర అని మనసులోనే అనుకున్నాను.

“ఇది పై ఆఫీసుకి వెళ్తుందిగా! పరువు పోతుంది.”

“ఎవరిది?”

“నీదే!”

“నాది పదేళ్ళ కిందే పోయింది తల్లీ. అప్పుడొక ఉత్తరంలో ఆ అబౌట్ తీసేశాను. మా ఆఫీసరు స్టాఫందర్నీ పిలిచి, ‘వీడికి ఇంగ్లీషు ముక్క రాదు. ఒరేయ్, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు’ అన్నాడు.”

నాన్న కాగితాన్ని నలగకుండా ఫైల్లో పెట్టాడు.

“ఆనాటి నుంచీ చెప్పింది చెప్పినట్టే కొడుతున్నా. పై ఆఫీసులో ఆయన ఉత్తరాలు గట్టిగా చదువుకుని నవ్వుకుంటారట. కింద సంతకం ఆయనదే కదా.”

రెండో పేజీలో నాకు ఇంకో మూడు తప్పులు కనిపించాయి. ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను.