గుమ్మడికాయ ఏ శాఖది?

“ఆ గుమ్మడికాయకీ మా శాఖకీ ఏ సంబంధమూ లేదధ్యక్షా!” అన్నాడు విద్యామంత్రి. “పాదు మొలిచింది వ్యవసాయ కార్యాలయం పెరట్లో. అది గోడ దాటి మా బడి పైకప్పు ఎక్కి కూర్చుంటే మేమేం చేస్తాం?”

వ్యవసాయమంత్రి విసురుగా లేచాడు. “పాదు మాదే, కాదన్లేదు. కాయ మాత్రం బడి మీద కాసింది. మావాళ్లు నిచ్చెనేసుకుని కోస్తే దొంగలనరూ?”

ప్రశ్న వేసిన సభ్యురాలు ఒకప్పటి పంతులమ్మ. ఇద్దరి మాటలూ ఓపిగ్గా వింది.

“అధ్యక్షా, ఈ ప్రశ్న నేను పంపినప్పుడు అది పిందె. సభ ముందుకొచ్చేసరికి ముగ్గురు మోసేంత కాయైంది. మొన్న కూరగాయల ప్రదర్శనలో మొదటి బహుమతి కూడా కొట్టేసింది. పతకం ఏ శాఖకివ్వాలో తెలీక హెడ్మాస్టరు నాకిచ్చారు.”

ఆవిడ సంచిలోంచి పతకం తీసి చూపించింది.

మంత్రులిద్దరూ ఒక్క ఉదుటున లేచారు.

“పాదు మాదధ్యక్షా!”

“కాయ మాదధ్యక్షా! మా పిల్లలు కంటికి రెప్పలా కాచుకున్నారు!”

సభ గొల్లుమంది. సభాపతి బల్ల చరిచాడు. “ఆగండయ్యా! అమ్మా, ఇంకేమన్నా ఉందా?”

“చిన్న అనుబంధ ప్రశ్నండీ. కాయని ఎవరూ కోయలేదు. ప్రదర్శనకి ముందే పైకప్పుతో సహా అదే దిగింది. ఆదివారం కాబట్టి పిల్లలు బతికిపోయారు. కప్పు ముక్కలైంది గానీ కాయకి గీత కూడా పడలేదు. ఇప్పుడా కప్పు ఏ శాఖ వేయిస్తుంది?”

మంత్రులిద్దరూ ఒకేసారి కూర్చున్నారు.

మైకు ఆపడం మరిచిపోయిన వ్యవసాయమంత్రి పక్కకు వంగి గొణిగాడు.

“అన్నా, పతకం నువ్వే ఉంచుకో.”